దిగాల్సిన స్టాపు మర్చిపోయేలా కథ చెప్పడం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉంటావు, తిత్లీ తుపాను మీద ఒక కథ రాశావు, ఇంకో పది కథలు ఉన్నాయి, ఫ్రెండ్స్ అందరూ "సూపర్" అంటున్నారు గానీ ఎవరూ చివరిదాకా చదివినట్టు లేదు, యాప్‌లో పెడితే మొదటి భాగం చదివినవాళ్ళలో చాలామంది రెండో భాగానికి రావట్లేదు, పాఠకుడిని కట్టిపడేసే టెక్నిక్స్ ఏమిటి, మన యాసలో రాయొచ్చా, ప్రతి భాగం చివర సస్పెన్స్ పెట్టాలా... ఇదీ నువ్వు అడిగింది. కథ మొదటి కొన్ని పేజీలు కూడా పెట్టావు, మంచి పని చేశావు, లేకపోతే నేనూ గాల్లో మాట్లాడేవాణ్ణి.

ముందే చెప్పేస్తున్నా, నేను తెలుగు లెక్చరర్ని కాదు. విజయనగరంలో ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఆ మధ్యలో నలభై దాకా కథలు అచ్చయ్యాయి, దానికి రెండింతలు తిరిగొచ్చాయి. అచ్చయిన వాటివల్ల నాకేమీ తెలియలేదు, అవెందుకు వేసుకున్నారో ఎవరూ చెప్పరు కదా. తెలిసిందేదో తిరిగొచ్చిన వాటి వల్లా, బస్సులో జనం మాటలు వినడం వల్లా తెలిసింది.

ఒక సంగతి చెప్తాను. పాలకొండ వెళ్ళే బస్సు. నెల్లిమర్ల దాటాక ఒక ముసలమ్మ పక్క సీటావిడతో "పెట్టి తాళం నా బొడ్లోనే ఉన్నాది. తీసి సూస్తే పెట్టి కాళీ" అంది. అంతే. అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పక్కావిడ ఆగలేక "ఊ, అయితే?" అంది. అప్పుడు చెప్పడం మొదలెట్టింది ముసలమ్మ, కానీ పెట్టె గురించి కాదు, కోడలు ఆ రోజు పొద్దున్న పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయిందని. "ఊ." ఎప్పుడూ గుమ్మం తొక్కని మరిది ఆ రోజే వచ్చి మంచినీళ్ళు అడిగాడని. "ఊ." ఆ వినేవావిడది చీపురుపల్లి టికెట్టు. చీపురుపల్లి వచ్చింది, నేను రెండుసార్లు అరిచాను, ఆవిడ నావైపు ఒకసారి చూసి, సంచి ఒళ్ళోకి లాక్కుని, రాజాం దాకా ఇంకో టికెట్టు కొట్టమంది. రాజాంలో ఇద్దరూ కబుర్లాడుకుంటూ దిగిపోయారు. పెట్టెలోది ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలీదు.

నువ్వడిగిన టెక్నిక్సన్నీ ఆ ముసలమ్మ దగ్గర ఉన్నాయి. గమనించు, ఆవిడ "ఊ" వినపడితే తప్ప ముందుకు కదల్లేదు. మన పిల్లలకి కథలు చెప్పేటప్పుడు కూడా అంతే కదా, ఊ కొట్టడం ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడు, కథ ఆపెయ్యాలి. బుర్రకథలో వంత పాడేవాళ్ళు ఉండేది పాటలో సాయానికే కాదు, జనం మనసులో ఉన్న "అయితే?"ని పైకి అనడానికి కూడా. జముకు వాయిస్తూ చెప్పే మన జముకుల కథల్లోనూ వంతల పని అదే. కాగితం మీద రాసేవాడికి ఈ సౌకర్యం లేదు. చదివేవాడు ఎక్కడ ఊ కొట్టాడో, ఎక్కడ మానేశాడో మనకి వినపడదు. వినపడకపోయినా, ఈ వాక్యం దగ్గర ఊ అంటాడా అనడా అని ఊహించుకుంటూ రాయడమే ఈ విద్యంతా. మిగతావి దానికి పిలకలు.

ఇప్పుడు నీ మొదటి పేజీకి వద్దాం. "2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున బంగాళాఖాతంలో ఏర్పడిన తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది" అని మొదలెట్టావు. తర్వాత గాలి ఎంత వేగంతో వీచిందో రాశావు. తర్వాత ఉద్దానాన్ని కోనసీమతో పోలుస్తారని, కొబ్బరి, జీడి, పనస తోటలు ఎంత అందంగా ఉండేవో రాశావు. ఇవన్నీ నిజాలే, ఒక్కటీ తప్పు కాదు. కానీ ఇందులో నేను ఊ కొట్టే చోటు ఎక్కడుంది? ఇది చదివి మన జిల్లావాడు "తెలుసు" అంటాడు, వేరే జిల్లావాడు "ఓహో" అంటాడు. "అయితే?" అని ఎవరూ అనరు. నీ కథలో మనిషి, ఆ సింహాచలం, రెండో పేజీ చివర వస్తున్నాడు. అప్పటికి చదివేవాడు ఫోన్లో వేరేదేదో చూస్తున్నాడు.

నాలుగో పేజీలో ఒక మాట రాశావు, నువ్వే గమనించలేదేమో. సింహాచలం తుపాను తర్వాత తోటలోకి వెళ్ళి ముందు పక్కవాడి చెట్లు లెక్కపెట్టాడని. ఒరే నాయనా, అది కదా మొదటి వాక్యం! "సింహాచలం ముందు తన చెట్లు లెక్కపెట్టలేదు, పక్కోడివి లెక్కపెట్టాడు." ఎందుకు? తనవి చూసుకునే ధైర్యం లేకా? పక్కవాడివి ఎక్కువ పోతే కాస్త ఊరట అనా? వాడితో పాత తగువేమైనా ఉందా? ఒక్క వాక్యానికి మూడు ప్రశ్నలు. తుపాను పేరు, తారీఖు ఏదీ చెప్పకుండానే పెద్ద గాలి వచ్చి పోయిందని కూడా తెలిసిపోయింది. తారీఖు తర్వాత ఎక్కడో ఒక గోడ మీద క్యాలెండర్లో చెప్పుకోవచ్చు.

ఇది నేను కనిపెట్టింది కాదు. మన విజయనగరంలో కూర్చుని గురజాడ 1910లో "దిద్దుబాటు" రాసినప్పుడే చేసి చూపించారు. అర్ధరాత్రి దాటాక ఒక మొగుడు ఇంటికొచ్చి తలుపు తట్టడంతో మొదలవుతుంది ఆ కథ. తలుపు తియ్యరు. ఆ రోజుల్లో స్త్రీ విద్య గురించి, సానిపాటల గురించి ఉపన్యాసంతో మొదలుపెట్టినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన తలుపు దగ్గర నిలబెట్టారు. నూట పదేళ్ళు దాటినా ఆ తలుపు ఎందుకు తియ్యలేదో తెలుసుకోవాలనే ముందుకు చదువుతాం.

అయితే ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. "మొదట్లో ప్రశ్న పుట్టించాలి" అని తెలియగానే విషయం దాచిపెట్టడం మొదలెడతారు. "ఆమె ఆ వస్తువు వైపు చూసింది. ఆ రోజు జరిగింది గుర్తొచ్చి వణికిపోయింది." ఏ వస్తువు? ఏ రోజు? ఆమెకి తెలుసు, రాసేవాడికి తెలుసు, చదివేవాడికి మాత్రం చెప్పం. అది కథ కాదు, దాగుడుమూతలు. ఎవరి కళ్ళతో కథ చెప్తున్నావో ఆ మనిషికి తెలిసింది చదివేవాడికీ తెలియాలి. ముసలమ్మ ఏం దాచింది చెప్పు? తాళం తన దగ్గరే ఉందని చెప్పేసింది, పెట్టె ఖాళీ అని చెప్పేసింది. అసలు విషయం మొదటే బల్ల మీద పెట్టేసింది. మిగతాది తనకి ఏ వరసలో తెలిసిందో ఆ వరసలో చెప్పుకుంటూ పోయిందంతే.

ఇంకో మాట, దాచడం కన్నా చెప్పెయ్యడమే ఎక్కువ టెన్షన్ పెడుతుంది చాలాసార్లు. ఒకావిడ కూతురి ఇంటికి పుస్తెలతాడు సంచిలో వేసుకుని బస్సెక్కింది అనుకో. దిగాక సంచి చూసుకుంటే తాడు లేదు అని రాస్తే ఒక్క క్షణం ఉలిక్కిపడతాం, అయిపోయింది. అదే, ఎక్కేటప్పుడే సంచి అడుగున కుట్టు ఊడిందని చదివేవాడికి చూపించి, ఆవిడకి మాత్రం తెలియకుండా ఉంచు. ఇంక ఆవిడ పక్కవాళ్ళతో వియ్యాలవారి గురించి గొప్పలు చెప్పుకుంటున్న ప్రతి మాటకీ మనకి ప్రాణం ఎగిరిపోతుంటుంది. బస్సు గతుకులో పడిన ప్రతిసారీ! రెండు పేజీలు ఉత్త కబుర్లు రాసినా ఒక్కడూ వదలడు.

ఆలస్యం చెయ్యడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో అందరూ "స్పీడుగా ఉండాలి, స్పీడుగా ఉండాలి" అంటున్నారు. నువ్వెప్పుడైనా మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వచ్చావా? దసరా వెళ్ళిన తర్వాత మంగళవారం. పొద్దున్నుంచి జనం మేడల మీదా గోడల మీదా కూర్చుంటారు. అందరూ వచ్చింది సిరిమాను చూడ్డానికే, ఆ చింతమాను చివర పూజారి కూర్చుని అంత ఎత్తున ఊరేగుతూ వస్తాడే, దానికోసం. కానీ ముందు వచ్చేది అది కాదు. పాలధార వస్తుంది, అంజలి రథం వస్తుంది, తెల్ల ఏనుగు వస్తుంది, బెస్తవారి వల వస్తుంది. ఒక్కొక్కటి వస్తున్నకొద్దీ "ఇక వచ్చేస్తుంది" అని జనం లేచి నిలబడతారు, మళ్ళీ కూర్చుంటారు. చివరికి మూడు లాంతర్ల కూడలి దగ్గర మాను కదిలిందనగానే ఆ హోరు చూడాలి. సిరిమానునే ముందు తిప్పేసి, తర్వాత ఏనుగు రథం లాగితే ఎవరుంటారు చెప్పు? అలాగని ముందు వచ్చేవి ఉత్త టైంపాస్ కూడా కాదు, ఒక్కోదానికీ దాని సొంత మొక్కు ఉంది, దాని సొంత జనం ఉన్నారు. కథలో ఆలస్యం అలా ఉండాలి. దారిలో వచ్చే ప్రతి సన్నివేశానికీ దాని పని దానికి ఉండాలి, అదే సమయంలో "ఇంకా అసలుది రాలేదు" అని మెడ చాచేలా చెయ్యాలి. ముసలమ్మ చెప్పిన ఉప్పులేని పప్పు చూడు. పెట్టెకీ పప్పుకీ సంబంధం ఏమిటో ఆవిడ చెప్పలేదు, కానీ ఆ రోజు కోడలి మనసు మనసులో లేదని మనకి తెలిసిపోయింది.

తర్వాత, నీ సింహాచలానికి ఏం కావాలి? నువ్వు రాసింది చదివితే "అతనికి న్యాయం కావాలి", "అతని జీవితం మళ్ళీ చిగురించాలి" అని ఉంది. ఇలాంటి కోరికలు మీటింగుల్లో బాగుంటాయి. కథలో మనిషికి చేత్తో పట్టుకునేది ఏదైనా కావాలి. నూరు కొబ్బరి మొక్కలు కావాలి అనుకో. అప్పుడు లెక్క మొదలవుతుంది. నాటు రకం కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, అది నీకు నాకన్నా బాగా తెలుసు, మీది ఉద్దానం. సింహాచలానికి అరవై నాలుగు అన్నావు. అంటే మొదటి కాయ దింపేసరికి డెబ్భై దాటతాడు. కొడుకు బెంగళూరులో బిల్డింగ్ పనిలో ఉన్నాడన్నావు, వాడు తిరిగి రాడు. మరి ఎవరికోసం పాతుతున్నాడు? ఈ ప్రశ్న నువ్వు ఎక్కడా పైకి రాయకూడదు. వయసు ఒకచోట, ఆరేడేళ్ళు ఒకచోట, కొడుకు ఫోను ఒకచోట పడేసి ఊరుకో. కూడిక చదివేవాడు చేసుకుంటాడు. తను కూడుకున్న లెక్క మనిషికి గుర్తుంటుంది, మనం కూడి చేతిలో పెట్టింది గుర్తుండదు.

ఏడుపు గురించి కూడా ఇదే. నీ పేజీల్లో సింహాచలం ఐదుసార్లు ఏడ్చాడు, నేను లెక్కపెట్టాను. "గుండె బరువెక్కింది", "కన్నీళ్ళు ధారగా కారాయి", "మాటలు రాలేదు". మొదటిసారి ఏడిస్తే మనకి జాలి వేస్తుంది, మూడోసారికి విసుగొస్తుంది, ఐదోసారికి నవ్వొస్తుంది. పాత్ర ఏడిచేస్తే చదివేవాడికి ఏడవాల్సిన పని తప్పిపోతుంది. ఒక్కసారి కూడా ఏడవనివ్వకుండా రాసి చూడు. పడిపోయిన చెట్టు మీద కూర్చుని, దానికున్న లేత బొండం ఒకటి కోసి, కత్తితో చెక్కి, తాగబోయి, పక్కన పెట్టేశాడు అని రాయి. తాగకపోవడం చాలు.

చేతులు చూపించడం అలవాటు చేసుకో. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళని చూసుంటావు కదా, పిక్క పెంకులో ఉండే నూనె తగిలి వేళ్ళు ఎలా నల్లబడిపోతాయో, తోలు ఎలా ఊడుతుందో. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసులు ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి ట్రేని కొంగుతో కలిపి పట్టుకుంది అని ఒక్క మాట రాస్తే, ఆ అమ్మాయి బీదరికం, సిగ్గు, పొద్దున్నే పనికి వెళ్ళి రావడం అన్నీ వచ్చేస్తాయి. పెళ్ళికొడుకు తల్లి చూపు ఆ కొంగు మీద పడిందని ఇంకో మాట రాశావనుకో, ఇక సన్నివేశం దానంతట అదే నడుస్తుంది.

కానీ వివరాలు దొరికాయి కదా అని గుమ్మరించకు. ఇది నా సొంత దెబ్బ. పొందూరు ఖద్దరు మీద ఒక కథ రాశాను ఒకప్పుడు. నాలుగైదుసార్లు వెళ్ళి కూర్చున్నాను, ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూశాను, ఆ సన్నటి పళ్ళతో పీచు శుభ్రం చెయ్యడం చూసి మతిపోయింది నాకు. ఇంటికొచ్చి దువ్వడం నుంచి నేత దాకా మొత్తం రెండున్నర పేజీలు రాశాను. ఒక పత్రికకి పంపితే తిరిగొచ్చింది, కవరు మీద ఎడిటరుగారు పెన్సిల్‌తో "ఖద్దరు బాగుంది, కథ ఎక్కడ?" అని రాశారు. వారం రోజులు కోపంగా తిరిగాను. తర్వాత అర్థమైంది. అక్కడ చూసిందంతా నాకు కొత్త, అందుకని నేను రాశాను. నా కథలో ముసలావిడకి అది కొత్త కాదు, నలభై ఏళ్ళ నుంచి చేస్తోంది, ఆవిడ ఆ దవడని గమనించనే గమనించదు. అది విరిగిపోయిన రోజే గమనిస్తుంది. ఆ రోజు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాశాను. రెండున్నర పేజీల్లో ఆరు వాక్యాలు మిగిలాయి. వేరే పత్రికలో వచ్చిందది.

డైలాగులు. నీవి చాలా మర్యాదగా ఉన్నాయి. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పేస్తున్నారు అందరూ, ఇంటర్వ్యూ లాగ. సింహాచలం అప్పు కోసం వాళ్ళ అప్ప (అక్క) ఇంటికి వెళ్ళే చోట ఇలా రాశావు: "అప్పా, తుపానులో తోటంతా పోయింది, మొక్కలు కొనడానికి ఇరవై వేలు కావాలి." "తమ్ముడూ, మా పరిస్థితి కూడా బాగోలేదు, ఏమీ అనుకోకు." మన ఊళ్ళల్లో ఎవరైనా అలా అడుగుతారా, అలా కాదంటారా? ఇలా ఉండొచ్చేమో చూడు:

"సోంపేటలో మొక్కలు దొరకతన్నాయంట," అన్నాడు సింహాచలం.

"టీ తాగుతావేటి?"

"నూరు మొక్కలు తీసుకుంటే తగ్గించి ఇస్తాడంట."

"పంచదార తక్కువేసినాను. మీ బావకి సుగరు కదా. మందులకే నెలకి..." అని ఆపేసిందావిడ.

అతను గ్లాసు చేతిలో తిప్పాడు. "బాగుంది టీ," అన్నాడు.

అప్పు అన్న మాటే లేదు. అడగడం అయిపోయింది, కాదనడం అయిపోయింది, ఇద్దరికీ మొహాలు చూసుకునే వీలూ మిగిలింది. చదివేవాడు మధ్యలో దూరి ఇద్దరి మనసులూ చదువుకుంటాడు, ఆ పని వాడికి చాలా ఇష్టం, నమ్ము.

యాస సంగతి అడిగావు. రాయి, తప్పకుండా రాయి. అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, ప్రతి అక్షరాన్నీ పలికినట్టే రాయాలని చూడకు. "సెప్పినాను, సూసినాను, ఎల్లిపోనాడు" అని పేజీ అంతా నింపేస్తే వేరే జిల్లావాడు కూడబలుక్కుని చదవాలి, మనవాడికి కూడా కళ్ళు నొప్పెడతాయి. యాస అంటే స్పెల్లింగు కాదు, వాక్యం నడక. "ఏటి", "బేగి", "గుంట", "ఒగ్గేయ్" లాంటి నాలుగు మాటలు, క్రియ చివర మలుపు, మాట విరిచే తీరు సరిగ్గా పడితే మిగతాది చదివేవాడి చెవిలో అదే మోగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. మన యాసని సినిమాల్లో ఎన్నాళ్ళు ఎవరి నోట పెట్టారో తెలుసు కదా, పనిమనిషి, అమాయకుడు, నవ్వించేవాడు. నీ కథలో పాలేరుకి మాత్రమే యాస పెట్టి, సింహాచలం కొడుక్కి చదువుకున్నవాడు కాబట్టి పుస్తకం భాష పెట్టావు. బెంగళూరు నుంచి ఫోన్ చేసిన కొడుకు తండ్రితో పుస్తకం భాషలో మాట్లాడతాడా? ఆఫీసరు మీటింగులో ఒకలా మాట్లాడి, వాళ్ళమ్మతో ఫోన్లో "ఏటి సేస్తన్నావ్" అనే మనుషులం మనం. ఒకే మనిషి ఎక్కడ యాస మారుస్తాడో అక్కడ కథ ఉంటుంది, పట్టుకో.

ఎవరి కళ్ళతో చెప్తున్నావో మధ్యలో మార్చకు, ఒక పేరాలో సింహాచలం మనసులో ఉండి తర్వాతి పేరాలో వాళ్ళ అప్ప మనసులోకి దూకావు, అక్కడ నేను దారి తప్పాను. వాక్యాలు పెద్దవా చిన్నవా అన్నది పెద్ద విషయం కాదు, అన్నీ ఒకే కొలత లేకుండా చూసుకో. మూడేళ్ళు ఒక వాక్యంలో దాటెయ్యొచ్చు, అప్పు అడగబోయే మూడు నిమిషాలకి రెండు పేజీలు ఇవ్వొచ్చు. చాలామంది తిరగేసి చేస్తారు.

భాగం చివర సస్పెన్స్. యాప్ వాళ్ళు ఇదే నేర్పిస్తున్నట్టున్నారు, అందరి కథలూ "తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఉన్నది చూసి ఆమె నిశ్చేష్టురాలైంది. సశేషం" అని ఆగుతున్నాయి. తర్వాతి భాగం తెరిస్తే ఎదురుగా ఉన్నది పాలవాడు. ఒకసారి మోసపోయినవాడు రెండోసారి రాడు, నీ యాప్‌లో జరుగుతున్నది అదేనేమో. నేను చూసినంతలో గట్టిగా పనిచేసే ఆపు వేరే ఉంది. ఏం జరగబోతోందో చెప్పకుండా ఆపడం కన్నా, మనిషి ఒక నిర్ణయం తీసుకున్నాక ఆపడం మేలు. సింహాచలం టీ గ్లాసు కింద పెట్టి, ఇంటికి వెళ్ళే దారి కాకుండా, పాత తగువున్న ఆ పక్క తోటవాడి ఇంటివైపు తిరిగాడు. అక్కడ ఆపు. దాచింది ఏమీ లేదు, ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పేశాం. కానీ వాడు వీడికి అప్పిస్తాడా, వీడు నోరు తెరిచి అడగగలడా అని రాత్రంతా ఆలోచిస్తారు.

టెన్షన్ అంటే హత్యలూ ఛేజింగులే కావాలన్న భ్రమ ఉంటే ఒక్కసారి కారా మాస్టారి (కాళీపట్నం రామారావుగారి) "యజ్ఞం" కథ చదువు. అరవైల్లో వచ్చింది. చాలా భాగం ఒక ఊరి పంచాయితీ, ఒక పాత అప్పు, జనం కూర్చుని మాట్లాడుకోవడం. మొదట్లో ఈ అప్పు తీరుస్తాడా లేదా అని చదువుతాం, పోనుపోను అసలు ఈ మనిషి అప్పులో ఎలా పడ్డాడన్నది దాన్ని మింగేస్తుంది. ఒక ప్రశ్నతో లోపలికి తీసుకెళ్ళి అంతకన్నా పెద్ద ప్రశ్న దగ్గర వదలడం అంటే అదీ. ముగింపు నేను చెప్పను, చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ముగింపు అంటే గుర్తొచ్చింది, ఆ బస్సు ముసలమ్మని నేను కథగా రాశాను. దొంగ ఎవరో తేల్చేసి రాశాను, మరిది అని. చివర్లో ముసలమ్మ చేత క్షమించమని కూడా చెప్పించాను. తిరిగొచ్చింది. మళ్ళీ కోడలు అని రాశాను. మళ్ళీ తిరిగొచ్చింది. ఇంకా పెట్టెలోనే ఉన్నాయి ఆ కాగితాలు. ఇన్నాళ్ళకి నాకనిపిస్తున్నదేమిటంటే, ఆవిడకి ఎవరు తీశారో ముందే తెలుసు. తెలిసే, పేరు మాత్రం అనకుండా ఆ ఊరి నుంచి బస్సెక్కి వచ్చేసింది. అదే రాయాల్సింది. ఈసారి రాస్తాను.

ఇక పని. ఫ్రెండ్స్‌ని "ఎలా ఉంది?" అని అడగడం మానెయ్, ఆ ప్రశ్నకి "సూపర్" తప్ప ఇంకో జవాబు లేదు. ఒకరికి ఇచ్చి, మర్నాడు "ఆ కథేంటో నాకు చెప్పు" అను. వాళ్ళు ఎక్కడ తడబడ్డారో, ఏది వదిలేశారో, నువ్వు రాయనిది ఏది కలిపారో రాసుకో. లేదా ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించు, మీ అమ్మకైతే మరీ మంచిది. కాగితం వైపు కాకుండా ఆవిడ చేతుల వైపు చూడు. కూర తరుగుతున్న చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ కథ ఉంది. "పాలు పొంగుతున్నాయేమో చూసొస్తా" అని ఎక్కడ లేచిందో అక్కడ పెన్నుతో గీత పెట్టు.

రెండోది, ఒక ఆదివారం శ్రీకాకుళం వచ్చి కథానిలయానికి వెళ్ళు. కారా మాస్టారు 1997లో తెరిచారు దాన్ని, తెలుగు కథల కోసమే ఉన్న లైబ్రరీ. రాలేకపోతే వాళ్ళ వెబ్‌సైట్‌లో కూడా బోలెడు పాత కథలు స్కాన్ చేసి పెట్టారు. మొత్తం చదవక్కర్లేదు. ముప్పై కథల మొదటి పేరాలు మాత్రం చదువు, ఒక్కోదానికీ "తర్వాతి పేరా చదవాలనిపించిందా, ఏ మాట దగ్గర అనిపించింది?" అని నోటు బుక్కులో రాసుకో. పేరున్నవాళ్ళవి కూడా కొన్ని నీకు చదవాలనిపించవు, కంగారు పడకు, అదీ రాసుకో. నేను ఇలా మూడు నాలుగు ఆదివారాలు చేశాను, దాని తర్వాత నా పాత కథల మొదటి పేజీలు నాకే చూడబుద్ధి కాలేదు, పదిహేను చించేశాను. నువ్వు చించకు, దాచు, మధ్యలో ఎక్కడో పక్కోడి చెట్ల లాంటి వాక్యం ఉండొచ్చు.

మొదటి పేజీ మార్చి రాసి మళ్ళీ ఇక్కడే పెట్టు, చూస్తాను. తుపాను వేగం తీసెయ్. ఆ పక్క తోటవాడికి పేరు పెట్టు, ఇప్పటిదాకా పెట్టలేదు.